పొట్ట కండ, తొడ కండ

మిరజ్,
11 ఆగస్టు 2009.

దాదా పాదాలకు నమస్కరించి నీ చెల్లెలు హౌసా రాసుకునే సంగతులు.

ఇక్కడ మా ఆయనా నేనూ బతికి ఉన్నాం. అమ్మ ఊళ్లో ఉంది, మోకాళ్ల నొప్పులు తప్ప బాగానే ఉంది. అందరం క్షేమం, నీ క్షేమం తెలియజేయగలవు అని మొదలుపెట్టి ఆ కాగితం చింపేశాను. జైల్లో ఉన్నవాణ్ణి క్షేమమా అని అడగడం ఎగతాళి చేసినట్టనిపించింది. ఈ ఉత్తరం నీకంటే ముందు జైలు సాహెబు విప్పి చదువుతాడట. చదవనీ. వచ్చే సోమవారం కోర్టులో అందరి ముందూ చెప్పబోయేదే ఇందులో రాస్తున్నాను.

మొన్న నీ వకీలు ఘాట్గే అమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. మా గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ నాకు పాఠం చెప్పాడు. చూడమ్మా, వానాకాలం, వరండా అంతా తడి, బాపట్ డాక్టరు జారిపడ్డాడు, చెయ్యి మెట్టుకు కొట్టుకుంది, మీ అన్న లేపడానికి వంగాడు, అది నువ్వు చూశావు, ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు, అన్నాడు. మిగతా సాక్షులంతా ఆసుపత్రి జీతగాళ్లు కాబట్టి వాళ్ల మాట తేలిపోతుందట. రోగి భార్యను నేను, నా మాటే నిలబడుతుందట. సర్జేరావ్ నిన్నే నమ్ముకుని ఉన్నాడమ్మా, అన్నాడు.

నేనలా చెప్పను అన్నాను. అమ్మ చేతిలో సాసరు విసిరింది. గోడకు తగిలి పగిలి, ఒక పెంకు నా చెవి పక్కనుంచి పోయింది. అన్న నెత్తురు ఎక్కించి మొగుణ్ణి బతికించుకున్నావు, ఇప్పుడు ఆ అన్న మెడకే తాడు బిగిస్తావటే ముండా, అని అరిచింది. మా ఆయన గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. అత్తా, ఇంకొక్క మాటంటే లేస్తాను, అన్నాడు. లేవరా, లేచి చూపించు, నీ కాలికి అంత సత్తా ఉంటే నా కొడుకు జైల్లో ఎందుకుంటాడు, అంది అమ్మ. ఆయన లేచాడు. కర్ర ముట్టుకోకుండా, చెయ్యి గోడకు ఆనించి, పళ్లు బిగించి లేచి నిలబడ్డాడు. జబ్బు పడ్డాక ఆయన అలా నిలబడటం అమ్మ చూడటం అదే మొదటిసారి. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ వెళ్లిపోయింది.

అందుకే నీకు రాస్తున్నాను దాదా. నిన్ను పోలీసు జీపు ఎక్కించాక ఇక్కడేం జరిగిందో నీకెవరూ సరిగా చెప్పలేదు. బెయిలు మీద వచ్చినప్పుడు కూర్చుని చెబుదామనుకున్నాను. నువ్వు నేరుగా సంతకు వెళ్లి, సాక్ష్యం చెబుతావురా అంటూ ఆసుపత్రి వాచ్‌మన్ దవడ పగలగొట్టి మళ్లీ లోపలికి పోయావు.

మొదటి నుంచీ నా వైపు నుంచి రాస్తాను. కొంత నీకు తెలిసిందే.

నిరుడు చైత్ర జాతర కుస్తీల్లో మా ఆయన సాంగ్లీ వస్తాదు చేతిలో ఓడిపోయాడు. ఎదుటివాడు పట్టు కూడా సరిగా పట్టలేదు, ఈయన కుడికాలు ఊరికే మడతపడి వెల్లకిలా పడ్డాడు. జనం ఈలలు వేశారు, అమ్ముడుపోయాడు, అమ్ముడుపోయాడు అని చెప్పులు విసిరారు. నువ్వు జనం మాట నమ్మావు. మీరు కుస్తీ సాధన చేసే తాలీంఖానాకు తీసుకెళ్లి తలుపు గడియవేసి, పైకెక్కే మోకు తడిపి, దాంతో ఆయన్ని బాదావు. ధోండ్యా, నా చెల్లెల్నిచ్చాను, నా ఇంటి పాలు పోసి పెంచాను, నా పేరు అమ్ముకుంటావురా, అంటూ బాదావట. ఆయన నీకంటే బలవంతుడు, ఆ సంగతి నీకూ తెలుసు. చెయ్యి ఎత్తలేదు. ఎర్రమట్టిలో బోర్లాపడి దెబ్బలు తిన్నాడు. ముసలి వస్తాదు తలుపు విరగ్గొట్టించి నిన్ను లాగకపోతే ఆ రోజే అయిపోయేది.

ఇంటికొచ్చాక వాతలకు పసుపూ నూనే రాస్తుంటే, కుడి తుంటి దగ్గర నా చెయ్యి ఆగింది. లోపల రాయిలా ఏదో ఉంది. అది దెబ్బకు వచ్చిన వాపు కాదు. నొక్కితే కదలలేదు. ఎప్పటి నుంచి, అని అడిగాను. ఏడాదయింది, కసరత్తుకు ఎముక ముదిరిందనుకున్నాను, అన్నాడు. ఎవరికీ చెప్పకు, దాదా గోదాలోకి దిగనివ్వడు, అని కూడా అన్నాడు.

మిరజ్ ఆసుపత్రిలో ఇనాందార్ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము లైటు ముందు పెట్టి తుంటి ఎముకలో పుట్టిన క్యాన్సరని చెప్పినప్పుడు నువ్వు అడిగిన మొదటి మాట నాకు గుర్తుంది. నా దెబ్బల వల్ల వచ్చిందా సాహెబ్, అన్నావు. కాదయ్యా, ఇది ఎన్నో ఏళ్లుగా పెరుగుతున్నది, అన్నాడాయన. నువ్వు వరండాలోకి వెళ్లి నుదురు గోడకేసి కొట్టుకున్నావు. సున్నం మీద నెత్తురు మరక పడింది. ఏడుపొచ్చినా కొట్టడం తప్ప నీకు ఇంకొకటి తెలియదు దాదా, ఆ రోజు నీదే తల కాబట్టి ఎవరూ కేసు పెట్టలేదు.

తర్వాత బాపట్ డాక్టరు వచ్చాడు. ప్లాస్టిక్ సర్జన్ అనగానే అమ్మ బెంబేలెత్తింది. ప్లాస్టిక్ పెడతారటే, పొలంలో ఎండకు కరిగిపోదూ, అని అందరి ముందే అడిగేసింది. ఆయన కడుపుబ్బ నవ్వాడు. ప్లాస్టిక్ లేదు ఏమీ లేదు అవ్వా, అంతా నీ అల్లుడి సొంత సామానే, ఈ గదిలోది తీసి ఆ గదిలో పెడతాను, అన్నాడు. తుంటి ఎముక సగం తీసేస్తే లోపల పెద్ద గొయ్యి మిగులుతుందట. కాలు ఉంచుతారు, కానీ ఆ గొయ్యి మీద ఉత్త చర్మం లాగి కుట్టేస్తే అడుగున చీముపట్టి మనిషి పోతాడట. అందుకని పొట్ట మీద నిలువుగా ఉండే కండను, దాని మీది చర్మంతో సహా, పైనుంచి విడదీసి, కిందవైపు రక్తనాళం మాత్రం తెగకుండా ఉంచి, మడిచి, గజ్జ దగ్గర నుంచి తిప్పి ఆ గొయ్యిలో పరుస్తారట. ఆ ఒక్క నాళమే దానికి ప్రాణం. నువ్వు ఆయన పొట్ట మీద చెయ్యివేసి, ఇది రోజూ దండీలూ బస్కీలూ తీసి పెంచిన కండ సాహెబ్, జాగ్రత్తగా కొయ్యండి, అన్నావు. చూస్తుంటేనే తెలుస్తోంది, ఇలాంటి సరుకు నాకు దొరకదు, అన్నాడాయన. ఆ రోజు మీరిద్దరూ భలే స్నేహితులయ్యారు.

నెత్తురు కావాలంటే తాలీంఖానా మొత్తాన్ని తోలుకొచ్చావు. ఆ గున్న ఏనుగు గణప్యా సూది చూడగానే మూర్ఛపోతే నర్సులు నవ్వలేక చచ్చారు. నువ్వు మొదటి సీసా ఇచ్చి, ఇంకోటి తీసుకోండని వాళ్లతో పోట్లాడావు. ఇది కూడా కోర్టులో చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

ఆపరేషన్ అయ్యాక ఆయన ఒంటిని మొదటిసారి చూసినప్పుడు నేను మంచం ఊచ పట్టుకున్నాను. పొట్ట మీద పైనుంచి కిందకు కుట్లు, తుంటి దగ్గర పొట్ట చర్మం, దాని మీద పొట్ట వెంట్రుకలే. ముక్కలైన మనిషిని ఎవరో తిరిగి తప్పుగా అతికించినట్టుంది. బాపట్ దగ్గర నేర్చుకుంటున్న నస్రీన్ ముల్లా అనే డాక్టరమ్మ నాకు చూడటం నేర్పింది. వేలితో నొక్కితే తెల్లబడాలి, వదిలితే మళ్లీ ఎర్రదనం రావాలి, మిగతా ఒంటిలాగే వెచ్చగా ఉండాలి. నీలంగా మారినా, చల్లబడినా, పరిగెత్తుకొచ్చి నాకు చెప్పు అక్కా, మొహమాటపడకు, అంది. తుంటి దగ్గర కాలు మడవకూడదు, లేపకూడదు, అన్నీ మంచం మీదే, అని గోడమీద కూడా రాసి అంటించింది. నువ్వు పొద్దున్నే వచ్చి రంగెలా ఉందే, అని అడిగేవాడివి. ఎర్రగా ఉంది దాదా అంటే నీ ముఖమూ అలాగే అయ్యేది.

తర్వాత ఒక సాయంత్రం ఆ కండ అంచు నీలం పడింది. మర్నాటికి వంకాయ రంగు. నస్రీన్ సూదితో గుచ్చితే నల్లటి నెత్తురు కారింది. వెంటనే లోపలికి తీసుకెళ్లి మళ్లీ తెరిచి చూశారు, నాళంలో నెత్తురు గడ్డకట్టి మూసుకుపోయిందట, ఎంత చేసినా తెరుచుకోలేదు. కండ చచ్చిపోయింది. బతికున్న మనిషి ఒంటి మీద చచ్చిన మాంసం ఎలా ఉంటుందో, ఎలా కంపు కొడుతుందో నీకు తెలుసు. నువ్వూ చూశావు. ఆ దుప్పటి ఎత్తి చూసి నువ్వు బయటికి వెళ్లినప్పుడే నాకు భయమేసింది.

ఇక ఆ వరండా సంగతి. ఇదే నేను సోమవారం చెప్పేది, అక్షరం మార్చను.

బాపట్ డాక్టరు వార్డులోంచి వచ్చాడు. చూడు సర్జేరావ్, ఆ కండ పోయింది, దాన్ని కోసి తీసేసి మళ్లీ కొత్తది, అంటూ ఉన్నాడు. ఆ మాట పూర్తి కాలేదు. సెలైను సీసా వేలాడదీసే స్టాండు నుంచి ఇనప రాడ్డు ఊడదీసి నువ్వు ఆయన తల మీదకు ఎత్తి కొట్టావు. ఆయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను, చెరకుగడ విరిచినట్టే ఉంది. ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. మా ధోండ్యాను కుళ్లబెట్టి ఇప్పుడు ముక్కలు కోస్తావురా కసాయి నాకొడకా, అంటూ కిందపడిన చేతి మీదే మళ్లీ కొట్టావు. మళ్లీ కొట్టావు. కళ్లద్దాలు నీ చెప్పు కింద పిండయ్యాయి. నీ వెనక వచ్చినవాళ్లు కిటికీ అద్దాలు పగలగొట్టారు, మందుల బండి తిరగేశారు, అడ్డమొచ్చిన నస్రీన్‌ను గణప్యా జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నేను డాక్టరు మీద అడ్డంగా పడ్డాను. నువ్వు నన్ను మెడపట్టి ఎత్తి విసిరేశావు. నా ముందుపన్ను ఆ బండల మీదే పోయింది. ట్రాలీ మీద ఆపరేషన్‌కు పోతున్న ఒక ముసలమ్మ, చేతిలో సెలైను సూదితోనే దిగి పరిగెత్తింది. వరండాలో తడి ఉంది, నిజమే. అది నీళ్ల తడి కాదు.

నిన్ను జీపు ఎక్కించారు. డాక్టర్లందరూ పని ఆపేశారు. వాళ్లను తప్పుపట్టలేను. కొట్టినవాళ్ల రోగిని మేమెందుకు ముట్టుకోవాలి, అని ఒక కుర్ర డాక్టరు నా ముఖం మీదే అన్నాడు. ఇనాందార్ ఒక్కడూ వచ్చి చూశాడు. నేను కోసి తీయగలను హౌసాబాయీ, కప్పడం నాకు రాదు, కప్పకుండా వదిలితే లోపలి పెద్ద నాళం పగిలి నిమిషంలో పోతాడు, కప్పగలిగినవాడి చెయ్యి మీ అన్న విరగ్గొట్టాడు, అన్నాడు. ముంబై తీసుకెళ్లమన్నారు. ఆ జ్వరంలో దారిలోనే పోతాడని అంబులెన్సువాడే ఎక్కించుకోలేదు. మా ఆయన ఒళ్లు కాలిపోతోంది. మతిలేక ఎవరితోనో కుస్తీ పడుతున్నాడు, పట్టు వదలరా, వదలరా, అని మంచం ఊచలు పట్టి ఊపుతున్నాడు.

నేను బాపట్ డాక్టరు గదికి వెళ్లాను. ఆయన్ని అదే ఆసుపత్రి పై అంతస్తులో పెట్టారు. తలుపు ఆయన భార్య వృందాబాయి తీసింది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఏం, ఇంకో చెయ్యి మిగిలిందేమో చూసి రమ్మన్నాడా మీ అన్న, అంది. కాళ్లమీద పడ్డాను. లే, ముట్టుకోకు, మీ ఇంటి నెత్తురు మా ఇంటికి అంటకూడదు, అని తలుపు వేయబోయింది. నేను తలుపు సందులో చెయ్యి పెట్టాను. ఆవిడ చూసే వేసింది. ఊడి మొలిచిన ఆ వేలి గోరు ఇప్పటికీ వంకరే.

నా అరుపు విని లోపల్నుంచి ఆయన, ఎవరది, హౌసానా, రానీ, అన్నాడు. చెయ్యంతా కట్టుతో ఉబ్బి ఉంది, ఒక కన్ను మూసుకుపోయింది. నేను ఏడుస్తూ క్షమించమంటుంటే వినలేదు. అదంతా తర్వాత, ముందు చెప్పు, నలుపు ఎంతవరకు పాకింది, చుట్టూ ఎరుపు ఉందా, వాసన తియ్యగా ఉందా కంపుగా ఉందా, అని అడిగాడు. కళ్లు తుడుచుకుని ఒక్కొక్కటీ చెప్పాను. నస్రీన్‌ను పిలవమన్నాడు.

ఆమె తల వెనక కుట్లతో వచ్చింది. సంగతి వినగానే, నేను చెయ్యను సార్, అంది. నన్ను గోడకేసి కొట్టినవాళ్ల ఇంటి మనిషి వాడు, మీరు తిట్టండి, తీసెయ్యండి, నేను ఆ మంచం దగ్గరికి పోను, నా చేతులు వణుకుతాయి, వణికి ఏ నాళమో తెగితే మళ్లీ ఆ రౌడీలే వస్తారు, అంది. బాపట్ ఎడమచేత్తో మంచం పట్టుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత, టేబుల్ మీద పడుకున్నవాడు ఎవర్నీ కొట్టలేదు నస్రీన్, అన్నాడు. అయినా కొట్టాడా కొట్టలేదా అని చూసి కుట్టే పని మనది కాదు, నేను పక్కనే నిలబడతాను, వణికితే చెయ్యి దించు, ఆగి మళ్లీ మొదలుపెడదాం, అన్నాడు. ఆమె నావైపు తిరిగి, నీ పన్ను కూడా వాళ్లే కొట్టారా, అని అడిగింది. అవునన్నాను. అయితే పద, అంది.

అసలు గొడవ అప్పుడొచ్చింది. జ్వరం దించి, తెలివొచ్చాక, ఈసారి కుడితొడ కండ తీసి తిప్పి కప్పుతారని చెబితే మా ఆయన ఒప్పుకోలేదు. పొట్ట ఇచ్చాను, అది కుళ్లింది, తొడ ఇవ్వను, అన్నాడు. పదహారేళ్ల నుంచి గోదాలో దిగి కొట్టిన తొడ ఇది, చస్తే దీంతోనే చస్తాను, అని పాలగ్లాసు నా మీదకు విసిరాడు. అది నా భుజానికి తగిలింది. అప్పటికే నా పన్ను పోయింది, గోరు పోయింది, అన్న జైలుకు పోయాడు. లాగి చెంప మీద కొట్టాను. మీ మగాళ్లకు విసరడం తప్ప ఇంకేం చేతకాదా, నువ్వు చస్తే ఎవరి ముందు కొడతావురా ఆ తొడ, యముడి ముందా, అన్నాను. మొగుణ్ణి ఒరే అన్నాను దాదా. వార్డంతా మావైపే తిరిగింది. ఆయన చెంప తడుముకుని, నీ దెబ్బ కూడా మీ అన్న దెబ్బలాగే ఉందే, అన్నాడు. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేశాడు.

పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా లోపలే. తర్వాత నర్సులు చెప్పుకుంటుంటే విన్నాను. బాపట్ మెడలో కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని ఆమె వెనకే నిలబడ్డాడట. ఒకచోట నస్రీన్ చెయ్యి నిజంగానే వణికిందట. దించు, అన్నాడట. ఆమె దించి, కళ్లు మూసుకుని, మళ్లీ ఎత్తిందట. చచ్చిన మాంసమంతా తీసేసి, తొడ పక్క కండను చర్మంతో సహా లేపి, లోపల్నుంచి దారి చేసి, తుంటి గొయ్యి మీదికి లాగి కుట్టారు. ఆపరేషన్ మధ్యలో నొప్పికి బాపటే తూలితే స్టూలు వేశారట, కూర్చోలేదట.

ఆ కండ నిలిచింది. నెల రోజులు నేను నిద్రలో కూడా లేచి నొక్కి చూసేదాన్ని. తెల్లబడేది, మళ్లీ ఎర్రబడేది. ఇప్పుడది ఆయన ఒంట్లో కలిసిపోయింది. కుడికాలు కాస్త పొట్టి. మందమైన అట్ట ఉన్న చెప్పు కుట్టించాం. కర్రతో నడుస్తాడు, కుస్తీ లేదు, మోకాలు మడిచి కూర్చోలేడు. ఇక్కడే సితార్లు చేసే వాళ్ల దుకాణంలో ఎత్తు బల్లమీద కూర్చుని గుమ్మడి బుర్రలు గీకి నునుపు చేస్తాడు. ఆ బుర్రల మీద వేళ్లతో తట్టి, ఇది గట్టిది, ఇది డొల్ల, అని చెబుతాడు. మొన్న ఫిల్ము తీస్తే క్యాన్సరు తిరిగి రాలేదు.

బాపట్ డాక్టరు చెయ్యి మాత్రం రాలేదు. రెండు వేళ్లు ముడుచుకోవు. వెంట్రుకంత దారంతో నాళాలు కుట్టే చెయ్యి అది. ఇప్పుడు దాంతో చొక్కా గుండీ పెట్టుకోలేడు, వృందాబాయి పెడుతుంది. ఆయన ఆపరేషన్లు మానేసి డాక్టరు చదివే పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు. పైకి ఏమీ అనడు. నస్రీన్ ఒకసారి చెప్పింది, ఖాళీ గదిలో ఆ చేత్తో కుట్టు సూది పట్టుకోవాలని ప్రయత్నిస్తుంటే చూశానక్కా, నన్ను చూసి చెయ్యి జేబులో పెట్టుకున్నారు, అని. ఇప్పుడు వార్డులో ఎవరి కండైనా నల్లబడితే ఆమె ఒక్కతే. ఎవరెవరు పోతారో, నీ రాడ్డు వాళ్లందరి మీద కూడా పడినట్టే.

కాబట్టి దాదా, నేను జారిపడ్డాడని చెప్పను. నువ్వు కొట్టావని చెబుతాను. ఎందుకు కొట్టావో, ఎంత ప్రేమతో నెత్తురిచ్చావో, అదీ చెబుతాను. జడ్జి ఏది పట్టించుకుంటాడో నాకు తెలియదు. అమ్మ నాతో మాట్లాడనంది. తాలీంఖానా వాళ్లు మా తలుపుకు పేడ కొట్టిపోయారు. కడిగేశాను. శిక్ష పడినా పడకపోయినా, ములాఖాత్ రోజున జొన్నరొట్టెలూ వెల్లుల్లి కారం తెస్తాను. నన్ను చూడనంటే గేటు దగ్గర ఇచ్చి పోతాను. తిను. ఆకలి మీద కోపం పెట్టుకోకు.

నువ్వు పెంచిన
హౌసా

తా.క. ఈ సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఉత్తరం అంటించకుండా ఉంచాను. అమ్మ వెళ్లాక మా ఆయన నాకు చెప్పాడు. అంతవరకు నాకూ తెలియదు.

కండ నీలం పడిన రోజు పొద్దున నేను స్నానానికి ధర్మశాలకు వెళ్లాను కదా. ఆడ నర్సు ముందు మంచం మీద దొడ్డికి వెళ్లలేక ఆయన నిన్ను బతిమాలాడట. దాదా, పశువులా పడుకున్నచోటే వెళ్లలేను, ఒక్కసారి ఎత్తుకెళ్లు, అన్నాడట. నువ్వు చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తుకెళ్లి మరుగుదొడ్డిలో కూర్చోబెట్టావు. నొప్పితో లేవలేక చాలాసేపు అలాగే తుంటి మడిచి కూర్చున్నాడట, నువ్వు వీపు పట్టుకుని నిలబడ్డావట. గజ్జ దగ్గర ఆ నాళం మడతపడింది అప్పుడే. సాయంత్రానికి నీలం తిరిగింది. ఎవరికీ చెప్పకు అన్నాడట, నువ్వు చెప్పలేదు. అది ఇంత పని చేస్తుందని నీకు తెలియదు.

బాపట్‌కు తెలుసు. మీరిద్దరూ వెనక్కి రావడం ఆయా చూసి మర్నాడే ఆయనకు చెప్పింది. నేను నిన్న వెళ్లి అడిగాను, పోలీసులకు ఈ మాట ఎందుకు చెప్పలేదని. అది చెబితే ఆసుపత్రి తప్పు లేదని తేలిపోయేది కదా అన్నాను. ఆయన, రాడ్డు కేసులో కండ సంగతి ఎందుకు, అన్నాడు. సిగ్గుపడ్డ మనిషిని మోసుకెళ్లినందుకు ఒకణ్ణి కోర్టులో నిలబెట్టలేను, అన్నాడు.

ఈ మాట నేను కోర్టులో ఎత్తను. జైలు సాహెబు చదివితే చదవనీ, నీకు మాత్రం తెలియాలి. మా ఆయన నీకు రాయమన్నది ఇది, తన మాటల్లోనే రాస్తున్నాను. ఎత్తుకెళ్లమన్నది నేను. ఆ తప్పు నాది, దాదాది కాదు. రాడ్డు మాత్రం దాదాదే.